ఏడో నోటుబుక్కులో కాపలావాడు

నవంబర్ 4, 2024

వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. మండీ హౌస్ దగ్గర హాలు, మూడు వంతులు నిండింది. ఒక తెలుగు నవల చిత్తుప్రతుల గురించి ఇంగ్లీషులో మాట్లాడితే వినడానికి ఢిల్లీలో అంతమంది వస్తారనుకోలేదు. రాకూడదనే అనుకున్నానేమో.

వర్షిణి బాగా మాట్లాడింది. అదే ఇబ్బంది. జనక్‌పురిలో పుట్టి పెరిగి, పందొమ్మిదేళ్లు వచ్చేదాకా తెలుగు అక్షరం ముక్క రాని పిల్ల. భీమేశ్వరరావు గారి 'ఉప్పుకోట' మీద గంటసేపు మంచినీళ్లు కూడా తాగకుండా మాట్లాడింది. కథ తెలియనివాళ్ల కోసం ముందు కథ చెప్పింది. ఉప్పుమడుల్లో పనిచేసే నీలమ్మ, తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ సముద్రం నడిమధ్యనున్న ఉప్పుకోటకు వెళ్తుంది. తలుపు దగ్గర కాపలావాడు ఒక్క మాటా మాట్లాడకుండా దారి ఇస్తాడు. అన్న ఆ కోటదాకా చేరాడో లేదో పుస్తకం అయిపోయినా తేలదు. అరవై ఏళ్లుగా జనం దాని మీద వాదించుకుంటున్నారు.

అచ్చయిన పుస్తకంలో కాపలావాడు మూగవాడే. చిత్తుప్రతిలో మాత్రం, ఏడో నోటుబుక్కులో, ఒకే ఒక్క మాట అంటాడు. ఆ మాటను తెర మీద అర అడుగు అక్షరాల్లో వేసింది.

"ఉప్పు కరిగితే సముద్రం తగ్గదమ్మా, దుఃఖానికే కాస్త రుచి మారుతుంది."

ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. చివర కృతజ్ఞతలు చెప్పేటప్పుడు ముందు లైబ్రరీ పేరు, తర్వాత జెరాక్స్ షాపు పేరు చెప్పింది. ఆ రెండింటి మధ్య "సిలాస్ అంకుల్, ఇదంతా టైప్ చేసిపెట్టారు" అంది. టైప్ చేసిపెట్టానట.

నవంబర్ 5

చప్పట్లు నాలుగుసార్లు కొట్టారు. లెక్కపెట్టానని కాదు.

నవంబర్ 9

నేను చేసిన పని ఎంతో నాకైనా గుర్తుండాలి. రాసుకుంటున్నాను.

2008లో భీమేశ్వరరావు గారి అమ్మాయి ఇంద్రజ గారు పదకొండు నోటుబుక్కులు నా చేతిలో పెట్టారు. సరోజినీ నగర్ క్వార్టర్‌లో, ఆఫీసు నుంచి వచ్చాక, వంటింటి గడప మీద కూర్చుని ఆయన పెన్సిల్‌తో రాసుకున్నవి. చీమలబారు లాంటి రాత. నలుగురు పండితులు చూసి మా వల్ల కాదని తిప్పి పంపారు. నేను ప్రభుత్వ అనువాద విభాగంలో పనిచేసేవాణ్ని, రకరకాల చేతిరాతలు చదివిన కళ్లు. సాయంత్రాలు, చర్చి నుంచి వచ్చాక ఆదివారాలు, మూడేళ్లు కూర్చుని నాలుగువందల పన్నెండు పేజీలు ఎత్తిరాశాను.

ఈ పనికి ఒక నియమం ఉంది. చదవలేని చోట బ్రాకెట్టు పెట్టి చుక్కలు పెట్టాలి. ఊహించిన మాటయితే ఆ మాటను బ్రాకెట్లో పెట్టాలి. నా ప్రతిలో ఒక్క బ్రాకెట్టు లేదు. చూసినవాళ్లంతా ఆశ్చర్యపోయారు. ఆ రాతలో ప్రతి అక్షరం చదవగలిగిన మనిషి అని హైదరాబాద్ నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇంకా ఉంది.

2013 వానల్లో తెలుగు సంఘం లైబ్రరీ బేస్‌మెంట్లోకి నీళ్లొచ్చి పదకొండు నోటుబుక్కులూ తడిసి ఇటుకల్లా గట్టిపడ్డాయి. అప్పటి నుంచి అందరికీ దిక్కు 'సిలాసు ప్రతి' ఒక్కటే. అసలు పోయింది కాబట్టి నాదే అసలు అయింది.

ఇక ఆ వాక్యం సంగతి. ఆ పేజీలో టీ మరక ఉంది. 'కాపలావాడు' అని కనిపించింది, ఇంకో రెండు మాటలు లీలగా తెలిశాయి. మిగతాది సందర్భాన్ని బట్టి చదివాను. చదివాను అంటే రాశాను. అందులో పెద్ద విశేషం లేదు, నా చోట ఎవరున్నా అదే చేస్తారు.

పదిహేనేళ్లుగా దాని గురించి ఆలోచించలేదు. మొన్న తెర మీద చూసేసరికి, ఆవిడ కళ్లు తుడుచుకునేసరికి, లేచి నిలబడి అది నాది అనాలనిపించింది. భీమేశ్వరరావు గారిది కాదు, వర్షిణిది అసలే కాదు, నాది.

నవంబర్ 13

కుమారి ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోన్ చూపించింది.

"ఏమండీ, ఇది మీ భీమేశ్వరరావు గారిదే కదా? మా వార్డులో సిస్టర్ అనుగ్రహ స్టేటస్ పెట్టుకుంది. మొన్న వాళ్ల నాన్నగారు పోయారు కదా, పాపం."

సముద్రం బొమ్మ, కింద నా వాక్యం, దాని కింద ఆయన పేరు.

"చదువుతుంటే గుండె పట్టేసిందండీ. ఎంత అనుభవించి రాశారో మహానుభావుడు."

"ఆయన రాసింది కాదేమో" అన్నాను.

"మరెవరు రాస్తారు, మీరా?" అని నవ్వి, బియ్యం కడగడానికి వెళ్లింది.

ఎగతాళికి అనలేదు. నలభై ఏళ్లు నిండేలోపు నేను పత్రికలకు పంపిన పదిహేడు కథలూ తిరిగొచ్చాయని ఆమెకు తెలుసు. ఆ కవర్లు నా కంటే ముందు ఆమే విప్పేది. పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో నా మాటకు ఆమె గుండె పట్టేయడం ఇదే మొదటిసారి. ఆ మాట మీద ఇంకో మగాడి పేరుంది. చచ్చిపోయి ముప్పై ఏళ్లయిన మనిషి మీద నాకు ఇంత కడుపుమంట ఏమిటో.

నవంబర్ 18

గాలిలో పొగ ఎక్కువైందని బడులు మూసేశారు. అయినా వర్షిణి లక్ష్మీ నగర్‌లో మా ఇంటిదాకా వచ్చింది. మూతికి మాస్కు, భుజాన ల్యాప్‌టాప్ సంచి.

"బాప్‌రే అంకుల్, మెట్రో దిగితే ఎదురుగా బిల్డింగే కనిపించట్లేదు. ఆంటీ లేరా?"

"డ్యూటీకి వెళ్లింది."

"అచ్ఛా. అంకుల్, నా బుక్ ఫిబ్రవరిలో ప్రెస్‌కి వెళ్తోంది. ఫోర్త్ చాప్టర్ మొత్తం కాపలావాడి మీదే. టైటిల్ కూడా ఆ లైన్‌లోంచే తీశాను."

నాలుగో అధ్యాయంలో ఏముందో చెప్పింది. భీమేశ్వరరావు గారు అంత గొప్ప మాట రాసి మళ్లీ ఎందుకు తీసేశారన్నదే ఆమె వాదన అంతా. ఓదార్పును నమ్మడం మానేశారట. అందుకే కాపలావాణ్ని మూగవాణ్ని చేశారట. డిసెంబర్ చివర ఉద్యోగం ఇంటర్వ్యూ కూడా ఉంది, పర్మనెంట్ పోస్టు, అక్కడ చదవబోయేదీ ఈ అధ్యాయమే.

"మీకు ఆ పేజీ గుర్తుందా అంకుల్? ఆ లైన్ కొట్టేసి, మళ్లీ రాసి అలా చేశారా? లేక ఏక్ బార్ మే రాసేశారా?"

"ఒక్కసారే రాసింది" అన్నాను. అబద్ధం కాదు.

"నాకు తెలుసు. అలాంటిది ఒక్కసారే వస్తుంది" అని రాసుకుంది. కింద గీత కూడా గీసుకుంది.

ఆమె వెళ్లాక హాయిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఆ పుస్తకం మొత్తం నా భుజాల మీద నిలబడి ఉంది. నేను పక్కకు జరిగితే కూలుతుంది. ఆ సంగతి ఈ ఊళ్లో నాకొక్కడికే తెలుసు. టైప్ చేసిపెట్టిన అంకుల్‌కి.

నవంబర్ 19

ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. సిగ్నల్ సరిగ్గా లేదు.

నవంబర్ 28

వర్షిణే ఫోన్ చేసింది. ఇంద్రజ గారు తడిసిపోయిన నోటుబుక్కులను ట్రంకుపెట్టెతో సహా, పాత కాగితాలను బాగుచేసే లేబొరేటరీకి ఇచ్చారట. వర్షిణే ఒప్పించిందట. పేజీలు విడదీస్తారట. వరసలో ముందు ఏడో నోటుబుక్కు పెట్టమని అడిగిందట.

"కాపలావాడి పేజీ ఫొటో నా బుక్‌కి కవర్ పేజీ అంకుల్. అనుకుంటేనే రోంగ్‌టే ఖడే, ఒళ్లు జలదరిస్తోంది."

పదకొండేళ్లు గట్టిపడి ఉన్న కాగితాలు. ఏముంటుంది అందులో. ఏమీ ఉండదు. బూజు ఉంటుంది.

డిసెంబర్ 8

చర్చి నుంచి నేరుగా సాకేత్ వెళ్లాను. కుమారికి చలికోట్ల షాపు అని చెప్పాను. ఇంద్రజ గారు బాల్కనీ ఎండలో కూర్చుని ఉన్నారు. డెబ్బై నాలుగేళ్లు, బడిపంతులమ్మగా రిటైరయిన మనిషి, ఇప్పటికీ నా పేరులో చివరి అక్షరం మింగకుండా పలుకుతారు.

"ఆ పుస్తకాలు కదిలిస్తే పొడి అయిపోతాయండీ. ఉన్నది కూడా పోతుంది. ఆపమని చెప్పండి" అన్నాను. దారి పొడుగునా తయారుచేసుకున్న మాటలు.

"లేదు సిలాసు గారూ. ఆ అబ్బాయి, లేబొరేటరీ ఆయన, నాకు ఫోన్లో చెప్పాడు. నాన్నగారు పెన్సిల్‌తో రాశారు కదా. పెన్సిల్ రాత నీళ్లకు పోదట. ఇంకుతో రాసి ఉంటే ఒక్క అక్షరం మిగిలేది కాదట."

ఇన్నేళ్లుగా కాగితాలతో బతికినవాణ్ని. ఈ ముక్క నాకు తట్టలేదు. తట్టకుండా నేనే చూసుకున్నానేమో.

ఆవిడ అన్నారు, "మీకొక సంగతి చెప్పలేదు ఎప్పుడూ. మా అన్నయ్య పదకొండో ఏట టైఫాయిడ్‌తో పోయాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్నగారు ఆ రోజు నుంచి ఇంట్లో వాడి పేరెత్తలేదు. కళ్లమ్మట నీళ్లు పెట్టుకోగా కూడా చూడలేదు నేను. మర్నాడే ఆఫీసుకు వెళ్లిపోయారు. అమ్మ దాన్ని చచ్చేదాకా క్షమించలేదు. మీరు ఎత్తిరాసిన దాంట్లో ఉప్పు, సముద్రం, ఆ మాట చదివాక, పోనీలే, కాగితం మీదైనా ఏడ్చాడు మా నాన్న అనుకున్నాను. ఆయన అంత పెద్ద పెద్ద మాటలు మాట్లాడే మనిషి కాదు. అందుకే నాకు మరీ విలువ ఆ మాటంటే."

కాఫీ ఇచ్చారు. తాగాను. మెట్రోలో రెండు స్టేషన్లు దాటిపోయి దిగాను.

డిసెంబర్ 10

అది టీ మరక కాదు, ఇంకు మరక అనుకుంటాను. ఇంకయితే నీళ్లలో కొట్టుకుపోతుంది. ఇప్పుడు మరక కనిపించకపోయినా అప్పుడు ఉండి ఉండొచ్చు.

డిసెంబర్ 11

ఇంకు మరకే.

డిసెంబర్ 25

ఆరాధనలో అందరూ పాపపు ఒప్పుకోలు చదువుతుంటే పెదవులు మాత్రం కదిపాను.

జనవరి 9, 2025

వర్షిణికి ఉద్యోగం వచ్చింది. కాజూ బర్ఫీ పంపింది, మీద చీటీ, 'మీ వల్లే అంకుల్' అని. కుమారి మూడు తింది. నాకు షుగర్ అని చెప్పాను. నాకు షుగర్ లేదు.

అదే యూనివర్సిటీకి 1996లో నేనూ ఇంటర్వ్యూకి వెళ్లాను. ఏడు నిమిషాల్లో పంపేశారు. నా బూట్లు చూశారు తప్ప మొహం చూడలేదు.

నాకు అసూయగా ఉంది. రెండు నెలలుగా ఆ మాట రాయకుండా నెట్టుకొచ్చాను. ఆమె వయసు మీద, ఆమె ఉద్యోగం మీద, ఎవరి దగ్గరైనా చొరవగా కుర్చీ లాక్కుని కూర్చునే ఆ తీరు మీద. ఆమె పుస్తకం పడిపోతే చూడాలని ఉంది. పడ్డాక, లేపడానికి నేనే వెళ్లాలని కూడా ఉంది. ఇదేం బుద్ధి.

16వ తేదీన లేబొరేటరీకి రమ్మంది. పేజీ విడిపోయిందట.

జనవరి 15

జ్వరంగా ఉంది. కుమారి థర్మామీటర్ పెట్టి, లేదంది.

జనవరి 16

మొత్తం రాయాలి, ఇప్పుడే, ఇంకో రకంగా గుర్తుపెట్టుకోకముందే.

పెద్ద గది, పొడవాటి బల్ల. ఏడో నోటుబుక్కు పేజీలను అప్పడాల్లా ఒక్కొక్కటే విడదీసి తెల్లటి అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టారు. అంచులు గోధుమరంగు తిరిగాయి. రాత మాత్రం నిన్న రాసినట్టుంది. వర్షిణి నన్ను బల్ల చివరనున్న కాపలావాడి పేజీ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె మొహంలో ఎప్పుడూ ఉండే హుషారు లేదు.

"అంకుల్, నాకు ఆయన రైటింగ్ సరిగ్గా రాదు, మీకు తెలుసు. రెండు రోజులుగా ట్రై చేస్తున్నాను. కానీ కౌంట్ కుదరట్లేదు. మీ కాపీలో లైన్ ఇంత పొడుగుంది, ఇక్కడ సగమే ఉంది. 'అన్న' అని ఒక చోట కనిపిస్తోంది. మీ లైన్‌లో 'అన్న' లేదు కదా. ప్లీజ్, మీరు చదవండి."

ఆ గదిలో ఆ రాత చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే. లేబొరేటరీ ఆయన మలయాళీ. నేను ఏం చదివితే అదే ఆ పేజీ మీద ఉన్నట్టు. 'ఉప్పు' అనే మాట నోటిదాకా వచ్చింది.

మరక లేదు. టీ లేదు, ఇంకు లేదు. ఎప్పుడూ లేదు.

చదివాను. "కాపలావాడు తలుపు తీయలేదు. పిల్ల కేసి చూసి, మీ అన్న ఎడంచేత్తో తింటాడా, అని అడిగాడు."

నిజం ఎందుకు చదివానో తెలియదు. మంచితనం మాత్రం కాదు. నా గొంతుతో ఆ మాట బయటికి విన్నాక అనిపించింది, నా వాక్యం పక్కన పెడితే అది గాజుగొలుసు, ఇది అన్నం.

వర్షిణి స్టూలు మీద కూర్చుంది. నెమ్మదిగా అంది, "అంటే వాళ్లన్న అక్కడికి వచ్చాడు. ఇతను చూశాడు, ఎదురుగా కూర్చోబెట్టి తిండి పెట్టాడు. అరవై ఏళ్లుగా ఎవరికీ తెలియదు అంకుల్, వచ్చాడో లేదో." తన పుస్తకం పోయిందన్న సంగతి ఆమెకు ఇంకా తట్టలేదు. ముందు ఆ పిల్ల అన్న గురించి సంతోషించింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఆ సంతోషం పదిహేనేళ్ల కిందట నాకు రావాల్సింది.

తర్వాత తట్టింది. చేత్తో నుదురు పట్టుకుంది. నాలుగో అధ్యాయం, పేరు, అట్ట, ఇంటర్వ్యూలో చదివింది, అన్నీ. అయినా నన్ను తిట్టలేదు.

"అంకుల్, అప్పుడు ఇక్కడ ఏదైనా మరక ఉండి ఉంటుంది. నీళ్లలో పోయి ఉంటుంది. నేను అలాగే రాస్తాను. కనిపించని చోట ఊహించి రాశారు, బ్రాకెట్ మర్చిపోయారు, బస్. ఎవరికైనా అవుతుంది. మీ పేరు ఖరాబ్ అవ్వదు."

నేను రెండు నెలలుగా కుట్టుకుంటున్న అబద్ధాన్ని ఆ పిల్ల ఒక్క నిమిషంలో కుట్టి, ఇస్త్రీ చేసి, నా చేతికిచ్చింది. దానితో నేను బయటపడతాను, నష్టం ఆమెకే. తీసుకుంటే సరిపోయేది. ఆమె దయ తీసుకోవడం నా వల్ల కాలేదు.

"మరక లేదు" అన్నాను. "ఆ రోజూ ఇంత స్పష్టంగానే ఉంది. చదివే మార్చాను."

"ఎందుకు?"

ఆమె మళ్లీ అడగలేదు. బల్ల చివర ట్రంకుపెట్టెలో ఇంకా విప్పని నోటుబుక్కులు ఉన్నాయి, ఇటుకలు పేర్చినట్టు. వాటి వైపు చూసింది.

"మరి మిగతా పేజీలు, సర్?"

మొదటిసారి సర్ అంది.

జనవరి 17

ఎందుకు అని అడిగింది కదా. ఇక్కడ చెప్పుకుంటాను.

2009 జూన్. ఆ వాక్యం దగ్గరికి వచ్చి, చదివి, పెన్ను మూసి, బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. ఒక గుమాస్తా, వంటింటి గడప మీద కూర్చుని, మొండి పెన్సిల్‌తో, ఏ అలంకారమూ లేకుండా అలా రాశాడు. నా పదిహేడు కథల్లో అలాంటిది ఒక్కటి లేదు. ఆ పూట అన్నం సయించలేదు. తిరిగొచ్చి, ఇది మరీ చప్పగా ఉంది, ఎడంచెయ్యి అంటే పాఠకులు నవ్వుతారు, ఆయన తర్వాత మార్చేవారే అని నాకు నేను చెప్పుకున్నాను. మార్చాను. ఆ రోజు చాలా సంతోషంగా నిద్రపోయాను.

అది మొదటిసారి కాదు. చివరిసారీ కాదు.

జనవరి 20

కుమారికి చెప్పాను. కుట్టుపని ఆపి మొత్తం విన్నది.

"ఆ స్టేటస్‌లో మాట మీదా?"

"నాదే."

"బాగుంది" అంది. "కానీ మీరు ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది." మళ్లీ సూదిలో దారం ఎక్కించుకుంది. మొదటి ముక్క కోసం ఎన్నేళ్లు చూశానో, రెండో ముక్కతో కలిపి వచ్చింది.

ఫిబ్రవరి 2

ప్రెస్‌కి వెళ్లాల్సిన పుస్తకాన్ని వర్షిణి వెనక్కి తీసుకుంది. ఎప్పుడు వస్తుందో తెలియదు. డిపార్ట్‌మెంట్‌లో చేరీ చేరగానే ఇలా అయిందని జనం గుసగుసలాడుతున్నారట. మిగతా పది నోటుబుక్కుల్లో ఏడింటిని విడదీయడానికి రెండేళ్లు పడుతుందట. రెండోది, తొమ్మిదోది, పదోది అసలు విడిపోవు, గుజ్జయిపోయాయి. వాటిల్లో ఉన్నదానికి నా ప్రతి తప్ప సాక్ష్యం లేదు.

ఇద్దరం కలిసి సాకేత్ వెళ్లాం. నేనే చెప్పాను. ఇంద్రజ గారు ఫొటోలో పేజీ చూశారు. చదవలేరు, అయినా చూస్తూ కూర్చున్నారు. నన్ను మళ్లీ చదవమన్నారు. చదివాను.

"మా అన్నయ్య ఎడంచేత్తో తినేవాడు" అన్నారు. "అమ్మ చేతి మీద కొట్టేది. నాన్నగారు, పోనీ తిననీ, అనేవారు."

వర్షిణి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఇంకో చేత్తో కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"పదిహేనేళ్లుగా మీ మాటకి ఏడ్చానండీ" అన్నారు నాతో. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. తర్వాత అడిగారు, "మిగతా వాటిలో ఇంకెక్కడైనా ఉన్నాడా మా అన్నయ్య? మీరు చూసే ఉంటారు కదా. మీరొక్కరే చూశారు."

గుర్తుచేసుకుని చెబుతానన్నాను.

ఫిబ్రవరి 7

రెండో నోటుబుక్కు, నా ప్రతిలో అరవై ఒకటో పేజీ నుంచి నూట రెండు దాకా. ఎర్ర పెన్సిల్‌తో నావి గుర్తుపెడుతున్నాను. నాలుగు దొరికాయి. నాలుగూ అందమైన వాక్యాలే. వాటి కింద అసలు ఏముందో ఒక్కటీ గుర్తు రావడం లేదు.

ఫిబ్రవరి 8

నా వాక్యాల కింద ఆ పిల్లవాడు ఎన్నిసార్లు ఉన్నాడో.

ఫిబ్రవరి 11

తొమ్మిదో నోటుబుక్కు. మూడువందల ముప్పై ఎనిమిదో పేజీ.

"పడవ ఎక్కేముందు నీలమ్మ చెప్పులు రెండూ విప్పి, ఇంటివైపు తిప్పి పెట్టింది."

పొద్దుటి నుంచి ఈ ఒక్క వాక్యం దగ్గరే ఉన్నాను. ఇది ఆయన రాసినట్టే ఉంది. ఎందుకంటే మంచిది. కానీ అప్పటికి నేను ఆయనతో రెండేళ్లకు పైగా గడిపాను, ఆయనలా రాయడం కొంచెం అబ్బి ఉండొచ్చు. నాదైతే బాగుండునని ఎంతగా అనిపిస్తోందంటే, నా జ్ఞాపకాన్ని నేనే నమ్మలేకపోతున్నాను. బల్ల, దీపం, వేసవి ఉక్క, అన్నీ గుర్తొస్తున్నాయి. ఎత్తిరాసినట్టూ గుర్తొస్తోంది, రాసినట్టూ గుర్తొస్తోంది. ఆ నోటుబుక్కు గుజ్జు. నాదని రాస్తే కాదనేవాళ్లు భూమ్మీద లేరు.

మధ్యాహ్నం వర్షిణికి ఫోన్ చేశాను. ఏ వాక్యం ఎవరిదో రాసుకునే రిజిస్టర్ తెరిచి కూర్చుంది ఆమె. ఒక్కో పేజీ చెబుతుంటే రాసుకుంటోంది. మూడువందల ముప్పై ఎనిమిది దగ్గరికి వచ్చాం. వాక్యం చదివాను.

"ఎంత బాగుందో" అంది. తర్వాత జాగ్రత్తగా, "ఇది ఎవరిది సర్?"

"తెలియదు."

"కొంచెం టైమ్ తీసుకోండి. రేపు చెప్పినా ఠీక్ హై."

"రేపూ తెలియదమ్మా."

అటువైపు పెన్ను చప్పుడు వినిపించింది. "అయితే పేజీ కింద ఫుట్‌నోట్‌లో అలాగే రాయాలి. ఈ వాక్యం ఎవరిదో తెలియదు, అని. ఎవరు చెప్పారో కూడా రాయాలి సర్, రూల్ అది. మీ పేరు వెయ్యనా?"

వెయ్యమన్నాను.